ఏడాదికో జానెడు

ఏటా చలి తగ్గాక వచ్చే మొదటి ఆదివారం పొద్దున, కాఫీలయ్యాక, ఆ ఇంట్లో పెరడు కొలుస్తారు. కొలిచేది అత్తగారు. ముప్పై నాలుగేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. నడివయసు మగాళ్ళు కూడా వీధిలో ఆవిడ ఎదురుపడితే చేతిలో సిగరెట్టు పారేసి పదమూడో ఎక్కం గుర్తుచేసుకుంటారు. వీధికంతటికీ ఆవిడ లెక్కల టీచరే. నల్లబల్ల మీద గీతలు గీసుకునే పొడుగాటి చెక్కస్కేలుని రిటైరైన రోజున బడివాళ్ళు ఆవిడకి కానుకగా ఇచ్చారు. ఎవరూ ఇవ్వలేదు, ఆవిడే చంకన పెట్టుకుని వచ్చేసిందని కొడుకు అంటాడు.

స్కేలు ఒక కొస టీచరు పట్టుకుంటే రెండో కొస కోడలు పట్టుకోవాలి. కోడలికి గొడుగుల కార్ఖానాలో పని. ఊచలకి గుడ్డ బిగించి కుట్టే సెక్షను. రోజుకి నలభై గొడుగులు ఆవిడ చేతి మీదుగా వెళ్తాయి కాబట్టి అందరూ గొడుగులమ్మ అంటారు. కొడుకు సిటీ బస్సు డ్రైవరు. కొలిచే రోజు డ్యూటీ ఉన్నా లేకపోయినా ఆ వేళకి మాత్రం ఇంట్లో ఉండడు. టైర్లు చూసుకోవాలంటాడు.

కొలిచేది తమ ఇంటి సెడం ఎంత దూరం వచ్చిందో. సెడం అనేది నర్సరీవాళ్ళ మాట, ఇళ్ళల్లో మాత్రం దాన్ని 'అది' అనే అంటారు. దళసరి ఆకులు, వేలితో నొక్కితే లోపల నీళ్ళు తెలుస్తాయి. ఒకసారి పెడితే మళ్ళీ మళ్ళీ నాటక్కర్లేదు. ఎండాకాలమంతా పచ్చగా ఉండి, వానలు వెనకబట్టే రోజులకి గులాబీ రంగు పూలగుత్తులు వేస్తుంది. ఆ గులాబీ నెమ్మదిగా ఇటిక రంగుకి తిరుగుతుంది. చలికి కాడలు ఎండిపోయి నిలబడే ఉంటాయి. వాటిని అలాగే వదిలేసి, చలి తగ్గాక కత్తిరిస్తే కింద గుండీలంత పిలకలు లేచి ఉంటాయి. ఎక్కడైనా సెడం ఇంతే. ఆ వీధిలో ఒకటే తేడా, పిలకలు పోయినేడున్న చోట లేవవు. ఇంటివైపు జానెడు ముందుకొచ్చి లేస్తాయి.

దీన్ని అక్కడ ఎవరూ వింతగా చెప్పుకోరు. గొడుగులమ్మ కాపరానికొచ్చిన తొలి ఏడు అది ప్రహరీగోడ మొదట్లో ఉంది. స్కేలు పట్టుకోమంటే పట్టుకుని, ఎందుకత్తయ్యా అనడిగింది. టీచరు పిలకల మీది ఎండుటాకులు తీసేస్తూ, అది ఎవరో ఒకరి కిటికీ కిందికి వస్తుందనీ, ఎవరిదో దగ్గరికొచ్చేదాకా తెలీదనీ, వచ్చిన ఏడు పూలు ఇటిక రంగుకి తిరగ్గానే ఆ కిటికీ దగ్గర పడుకునేవాళ్ళు వెళ్ళిపోతారనీ చెప్పింది. ఆ తర్వాత మళ్ళీ ప్రహరీగోడ దగ్గర మొదలవుతుందట. "మీ మావగారికి పదిహేనేళ్ళు పట్టింది," అంది, బస్సు కాస్త ఆలస్యంగా వచ్చిందన్నట్టు.

గోడ అవతల బేకరీ బాబాయి ఇల్లు. ఆయన కిటికీ కిందికి అది వచ్చిన ఏడు బాబాయి బట్టలు సర్దుకుని వాళ్ళ తమ్ముడింటికి మకాం మార్చేశాడు. అది కిటికీ కింద పూసింది, ఇటిక రంగుకి తిరిగింది, అక్కడితో ఆగింది. చలి ముదిరినా ఒక్క కాడ ఎండలేదు. బేకరీ పిన్ని ఒక్కతే పొయ్యి నడుపుకొచ్చింది. ఓ మధ్యాహ్నం పిండి కలిపీ కలిపీ చేతులు పీకుతుంటే, దగ్గర్లో ఉంది కదా అని బాబాయి మంచం మీద కాసేపు నడుం వాల్చింది. సాయంత్రానికి పెరట్లో కాడలు ఎండాయి, పిన్ని మళ్ళీ లేవలేదు. బాబాయి తిరిగొచ్చాడు, ఇప్పటికీ రొట్టెలు కాలుస్తాడు. కొనడానికి వెళ్తే చిన్న కిటికీలోంచి చెయ్యి మాత్రం బయటికి వస్తుంది. ఆయన మొహం చూసి చాలా కాలమైంది.

"దారి వెతుక్కునేటప్పుడు మనిషిని బట్టి వస్తుంది. వచ్చాక మొహం చూడదు, మంచం మీద ఎవరుంటే వాళ్ళే," అని టీచరు ఆ సంగతి ముగించింది. పీకేస్తే పోదా అని గొడుగులమ్మ అడిగింది. దాని జోలికి వెళ్ళినవాళ్ళెవరూ బాగుపడలేదన్నది ఒక్కటే జవాబు. కొత్త కోడలు కదా, స్కేలు తుడిచి లోపల పెట్టింది.

మూడో ఏట కూతురు పుట్టింది. పడుకోబెట్టిన చోట ఉండకుండా దొర్లుకుంటూ మంచాల కిందికి పోయేది కాబట్టి గోళీ అని పిలిచారు. బళ్ళో ఇంకేదో పేరుందిగానీ ఆ పేరుతో పిలిస్తే అది పలకదు. అయిదో ఏడు రాగానే నాకో గది కావాలని ఒంటికాలి మీద లేచింది. వెనకవైపు మూడు గదులు వరసగా ఉంటాయి, మూడింటి కిటికీలూ పెరట్లోకే. ఒక చివర టీచరు గది, ఇంకో చివర మొగుడూపెళ్ళాలది, మధ్యది సామాన్లకి. సామాన్లు తీసేసి అందులో చిన్న మంచం వేశారు.

ఆ ఏటి ఆదివారం కొలిచేటప్పుడు టీచరు పిలకల దగ్గర చాలాసేపు వంగే ఉంది. అది మధ్య కిటికీకి సూటిగా ఉంది. లేచి, ఆ రాత్రి నుంచి పిల్లని మీ గదిలో పడుకోబెట్టుకోండి అంది. పడుకోబెట్టుకున్నారు. మరుసటేడు పిలకలు ఓ పక్కకి ఒరిగి మొగుడూపెళ్ళాల కిటికీవైపు లేచాయి. గోళీని టీచరు గదిలోకి మార్చారు. ఆ మరుసటేడు అటు తిరిగాయి. ఇంక మార్చి ప్రయోజనం లేదని గోళీని మళ్ళీ మధ్య గదిలోకి పంపేశారు. దానికి గది దొరికిందన్న సంతోషం తప్ప ఇంకేం పట్టలేదు.

దాని ఎనిమిదో ఏట కొలిస్తే అయిదు జానలు మిగిలాయి. టీచరు తలెత్తకుండా, "ఎనిమిదీ అయిదూ పదమూడు," అంది. అలవాటుకొద్దీ పైకి కూడేసిందంతే. గొడుగులమ్మ చేతిలో స్కేలు జారి కింద పడింది. పదమూడేళ్ళ ఆడపిల్ల అంటే ఎంతుంటుందో కార్ఖానాలో ఎదురు మిషను ఆవిడ కూతుర్ని చూస్తూనే ఉంది. జడలు తిరుగుతాయి, చెప్పులు అమ్మవి సరిపోతాయి, ప్రతిదానికీ కయ్యానికి దిగుతుంది. తన కూతురు తనతో కయ్యానికి దిగే వయసుకి వచ్చి ఆగిపోతుందన్నమాట. ఆ రోజంతా ఆవిడ వంటింట్లో గిన్నెలు తోమినవే తోమింది.

వారం తర్వాత, కార్ఖానా నుంచి వస్తూ, ఊరి చివర నర్సరీలో ఆగింది. నర్సరీ తాత ఆ వీధి మనిషి కాదు, ఆయనకి సెడం అంటే కుండీలో అమ్ముకునే సరుకు. అది ఎలా చస్తుంది తాతా అనడిగితే ఆయన ముందు నవ్వి, తర్వాత చెప్పాడు.

"చావడం కష్టమమ్మా దానికి. రాళ్ళల్లో వెయ్యి, బతుకుతుంది. నెల్లాళ్ళు నీళ్ళు మానెయ్యి, బతుకుతుంది. దాన్ని చంపాలంటే ముద్దు చెయ్యాలి. రోజూ నీళ్ళు పొయ్యి, వేళ్ళు కుళ్ళుతాయి. బాగా మాగిన ఎరువెయ్యి, బలిసి పడిపోతుంది."

గొడుగులమ్మ రెండు బుట్టలు మాగిన పశువుల ఎరువు తీసుకుంది. టీచరు రోజూ సాయంత్రం పార్కులో నాలుగు చుట్లు తిరిగి వస్తుంది. ఆ నాలుగు చుట్లలోపు గొడుగులమ్మ దుబ్బు చుట్టూ పాదు చేసి ఎరువు కలిపేసింది. ఆ రోజు మొదలు సాయంత్రానికో బకెట్టు నీళ్ళు. ఇంట్లో ఏ పూలమొక్కకీ ఆవిడ అంత సేవ చేసి ఎరగదు. నీళ్ళు పోస్తూ లోపల దాన్ని తిట్టినన్ని తిట్లు తిట్టేది.

అది మాత్రం పెరిగింది. ఎండాకాలం మధ్యకి మోకాలు దాటింది, వానలకి నడుమెత్తుకి వచ్చింది. ఆకులు ఒక్కొక్కటి అరచెయ్యంత. డ్రైవరు ఓ పొద్దున బ్రష్షు నోట్లో పెట్టుకుని దానివంక చూసి, వెంటనే మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. టీచరు చూసి ఈ ఏడు వానలు బాగున్నాయి అంది. గొడుగులమ్మ మాత్రం కాడల మొదళ్ళు రోజూ వేలితో నొక్కి చూసుకునేది. మొదళ్ళు మెత్తబడుతున్నాయి. ఆ మెత్తదనం తగిలిన ప్రతిసారీ ఆవిడకి అన్నం సహించేది.

ఓ మధ్యాహ్నం వాన గట్టిగా కొట్టింది. ఆవిడ కార్ఖానా నుంచి తడుస్తూ వచ్చేసరికి దుబ్బు నడిమికి చీలి పడిపోయి ఉంది. గొడుగులు కుట్టేవాళ్ళకి గొడుగుండదు, ఆ తడి జుట్టుతోనే పెరట్లో నిలబడి కళ్ళారా చూసుకుంది. కాడలన్నీ ఒకే వైపు, ఇంటివైపు, బురదలో బోర్లా పడ్డాయి. కుళ్ళనీ అని వాటిని కదపలేదు. ఆ పడ్డచోటే అవి పూశాయి, ఎండాయి. ఆ చలికాలమంతా ఆవిడ గోళీకి కథలు చెప్పి పడుకోబెట్టింది, ఇదివరకు లేని ఓపిక ఎక్కడినుంచి వచ్చిందా అని డ్రైవరు నోరు నొక్కుకున్నాడు.

చలి తగ్గింది. ఆదివారం వచ్చింది. గొడుగులమ్మ తనే కత్తెర తీసుకుని ఎండుకాడలు కత్తిరించడం మొదలుపెట్టింది. పాత మొదలు నిజంగానే కుళ్ళిపోయింది, చేత్తో లాగితే ఊడొచ్చింది. కాడల్ని మాత్రం లాగితే రావట్లేదు. నేలకి తగిలిన ప్రతి కణుపు దగ్గరా వేరు దిగి ఉంది. కాడ వెంట కత్తిరించుకుంటూ, మోకాళ్ళ మీద జరుగుతూ, ఇంటి గోడ దాకా వచ్చేసింది. మధ్య కిటికీ కింద, గోడకి ఆనుకుని, గుండీలంత పచ్చటి పిలకలు గుంపుగా లేచి ఉన్నాయి.

టీచరు స్కేలు తెచ్చి గోడకీ పిలకలకీ మధ్య పెట్టబోయింది. పట్టలేదు.

"నాలుగు జానలు నువ్వు పెంచావు. ఒకటి అది నడిచింది," అంది. అని అక్కడే తడిమట్టిలో చతికిలబడింది. కుర్చీ తుడవనిదే కూర్చోని మనిషి ఆవిడ. గొడుగులమ్మ ఎరువు సంగతి చెప్పబోయింది.

"చెప్పక్కర్లేదు. పశువుల ఎరువు వాసన నాకు తెలీదనుకున్నావా? పార్కులో నాలుగు చుట్లకి ఆరు చుట్లు తిరిగాను, నీ పని పూర్తవాలని. నేనూ ఆశపడ్డానే అమ్మాయ్."

అత్తాకోడళ్ళు చాలాసేపు ఆ మట్టిలోనే కూర్చున్నారు. కాపరానికొచ్చిన పన్నెండేళ్ళలో ఇద్దరూ ఒకే తప్పు చెయ్యడం అదే మొదలు. లోపల గోళీ హోంవర్కు చేసుకుంటూ ఏదో పాట పాడుతోంది. దానికి తొమ్మిదేళ్ళు.

గోళీని ఆ రోజే మొగుడూపెళ్ళాల గదిలోకి మార్చారు. గదికి వెల్ల వేయించాలని చెప్పారు. ఆ వీధి పిల్లలకి ఇలాంటివి తెలీకుండా ఉంటాయా, గోళీ నేరుగా నానమ్మ దగ్గరికెళ్ళి, అది నాకోసం వచ్చిందా, వస్తే ఏం చెయ్యాలి అనడిగింది. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకపోవడం టీచరు జన్మలో లేదు. ఆ పాఠం ఇంకా రాలేదు అని చెప్పి, ఆ పూట ఏడో ఎక్కం రెండుసార్లు అప్పజెప్పించుకుంది.

గది ఖాళీగా వదిలేద్దామన్నాడు డ్రైవరు. వదిలేస్తే అది ఆగుతుంది, ఎదురుచూస్తుంది, ఏదో ఓ మధ్యాహ్నం ఎవరో నడుం వాలుస్తారు, ఆ ఎవరో గోళీయే కావచ్చు. మంచం తీసి పారేద్దామన్నాడు. మంచం లేకపోతే నేల ఉంటుంది. చివరికి ఓ రోజు తన దిండు తీసుకెళ్ళి ఆ మంచం మీద పెట్టాడు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి దిండు వరండాలో ఉంది. పారేసింది అమ్మో పెళ్ళామో తెలీలేదు, ఇద్దరూ నేనే అన్నారు. పిల్లకి తండ్రైనా మిగలాలన్నది వాళ్ళిద్దరూ కూడబలుక్కోకుండానే వచ్చిన మాట.

ఆ ఏడు దానికి ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. పొట్టిగా, గట్టిగా, ఎలా ఉండాలో అలా పెరిగింది. పూలు విచ్చాయి. కిటికీ తలుపు తీస్తే గులాబీ గుత్తులు లోపలికే కనిపించేవి. గొడుగులమ్మ కార్ఖానాలో పది రోజులకి సెలవు రాసిచ్చింది. కారణం దగ్గర ఇంట్లో పని అని రాసింది. గుత్తుల అంచులు ముదురుతున్నాయని తెలిసిన రోజు పని మధ్యలో లేచి, మిషను మీద గుడ్డ కప్పి, బస్సెక్కి వచ్చేసింది.

వచ్చేసరికి మధ్య గదిలో మంచం మీద టీచరు పడుకుని ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుంది, కళ్ళజోడు తీసి పక్కన పెట్టుకుంది. ఎన్నింటికి వచ్చిందో ఏమో.

"లేవండత్తయ్యా."

"నాకు డెబ్బై ఒకటి. నీకు ముప్పై ఆరు. ఇందులో లెక్కేముంది?"

"లెక్క కాదు. పిల్లవి నాలుగేళ్ళు నేను తినేశాను. అది నేనే కట్టుకోవాలి."

"ఎరువు నువ్వేశావు, చూస్తూ నేనూరుకున్నాను. సగం నాది. వెళ్ళి పిల్లకి పాలు కాచు."

"పాలు మీ అబ్బాయి కాస్తాడు. లేవండి."

టీచరు లేవలేదు. పట్టిందే పట్టు. గొడుగులమ్మ చెప్పులు విడిచి, మంచం ఇవతల కొసన ఎక్కింది. చిన్నపిల్ల మంచం అది, ఒక మనిషికే చాలదు. టీచరు ఇటు తిరక్కుండానే మోచేత్తో ఓ పోటు పొడిచింది. గొడుగులమ్మ పట్టె పట్టుకుని జారకుండా ఆగింది. వీపులు ఆనుకున్నాయి. పడిపోతావు, లోపలికి జరుగు అని చివరికి టీచరే గొణిగింది.

మూడు రోజులు అలాగే ఉన్నారు. ఒకరు బాత్రూమ్‌కి వెళ్తే రెండోవాళ్ళు మంచమంతా పరుచుకునేవాళ్ళు, తిరిగొచ్చాక మళ్ళీ చోటు కోసం పోట్లాట. డ్రైవరు పళ్ళేలు తెచ్చి కిందపెట్టి, గోళీని గుమ్మం దాటనివ్వకుండా చెయ్యి పట్టుకుని నిలబడేవాడు. అక్కడినుంచే అది బళ్ళో సంగతులు చెప్పేది. ఆ మూడు రోజుల్లో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నన్ని మాటలు పన్నెండేళ్ళలో మాట్లాడుకోలేదు. ఎవరి పోపు మాడుతుందన్న సంగతితో సహా అన్నీ తేల్చుకున్నారు. భయమేస్తోందా అత్తయ్యా అని కోడలు ఒకసారి అడిగితే, వేస్తోంది అంది టీచరు.

మూడో రోజు మధ్యాహ్నం గుత్తులన్నీ ఇటిక రంగుకి తిరిగాయి. డ్రైవరు అయిదింటికి వచ్చి చూసేసరికి ఇద్దరూ నిద్రపోతున్నారు. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుంటే ఎండిన కాడంత తేలిగ్గా లేచి, వదిలితే మెల్లగా దిగింది. బేకరీ బాబాయి వచ్చి, చాలా ఏళ్ళకి మొహం చూపించి, గుమ్మంలోనే నిలబడి ఏడ్చాడు. వీధి చివరి డాక్టరమ్మ వచ్చి నాడి చూసింది, గడియారం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"పోలేదు. ఉన్నారని కూడా చెప్పలేను. నిమిషానికొకసారి కొట్టుకుంటోంది. ఎండిన కాడల్ని చలి తగ్గేదాకా కదపరు కదా, వీళ్ళనీ కదపకండి."

డ్రైవరు కదపలేదు. రెండు దుప్పట్లు కప్పి తలుపు దగ్గరగా వేశాడు. ఆదివారాలు వెళ్ళి మొహాల మీద దుమ్ము తుడిచేవాడు. చలి ముదిరింది. గోళీ జడ వేసుకోవడం నేర్చుకుంది. మొదట్లో వంకరగా వచ్చేది, డ్రైవరు బస్సు అద్దం ముందు ఎంత నేర్చుకున్నా అంతకంటే వంకరగా వేసేవాడు. అందుకే అదే నేర్చుకుంది. అన్నం వార్చడం నేర్చుకుంది. తలుపు ఇవతల కూర్చుని ఎక్కాలు పైకి చదివేది, లోపలినుంచి తప్పు దిద్దే గొంతు కోసం మధ్యలో కావాలని తప్పులు చదివేది. ఎవరూ దిద్దలేదు. పెరట్లో ఎండుకాడలు కిటికీకి తగులుతూ గాలికి చప్పుడు చేసేవి.

చలి తగ్గిన ఆదివారం డ్రైవరు ఇంట్లోనే ఉన్నాడు. ముందు ప్రహరీగోడ మొదట్లో చూశాడు. అక్కడ ఏమీ లేదు. తర్వాత కిటికీ కింద కాడలు కత్తిరించాడు. అక్కడ రెండు దుబ్బులు, మధ్యలో బెత్తెడు ఖాళీ వదిలి, ఎవరి పిలకలు వాళ్ళవన్నట్టు లేచి ఉన్నాయి. లోపల ఎవరో దగ్గారు.

గొడుగులమ్మ కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. నీళ్ళు తెచ్చిన పిల్ల గౌను మోకాళ్ళ పైకి వచ్చేసింది. ఆవిడ లేచి కూర్చుని, దాన్ని దగ్గరికి లాక్కుని, అలవాటుగా జుట్టు మీద చెయ్యి వేసింది. జడ అప్పటికే వేసి ఉంది, గట్టిగా, తిన్నగా. ఎవరు వేశారంటే నేనే అంది గోళీ. అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. నాలుగు రోజులకి టీచరు కూడా లేచింది. లేస్తూనే తేదీ అడిగి, వేళ్ళు మడిచి, కిటికీలోంచి తొంగిచూసి ఖాళీని కొలిచింది.

"ఒకటిని రెండుతో భాగించింది. నీకు సగం, నాకు సగం. ఏడాదిలో ఆర్నెల్లు దానివి."

"ఎన్నేళ్ళు అత్తయ్యా?"

టీచరు చాలాసేపు వేళ్ళు చూసుకుంది. తెలీదు అంది. ఆవిడ నోట ఆ మాట కొడుకు ఎప్పుడూ వినలేదట.

అప్పటినుంచీ అంతే. పూలు ఇటిక రంగుకి తిరిగే రోజులకి ఇద్దరూ మధ్య గదిలోకి వెళ్ళిపోతారు, పిలకలతో లేస్తారు. చిన్న మంచం తీసేసి పెద్దది వేశారు, అయినా చోటు కోసం పోట్లాట ఉంటుంది. వీధిలో దీన్ని కూడా వింతగా చెప్పుకోరు. కార్ఖానా యజమాని పనిలోంచి తియ్యలేదు, చలికాలంలో గొడుగులెవరు కొంటారులే అన్నాడు. గోళీ పన్నెండు దాటి పదమూడులో పడింది, ప్రతిదానికీ అమ్మతో కయ్యానికి దిగుతోంది. ఆ కయ్యాలు కూడా ఆర్నెల్లే. సగంలో ఆగిన మాటలు లేచేసరికి పాతబడిపోయి ఉంటాయి. దేనికి అలిగిందో దానికే గుర్తుండదు.

చలికాలంలో గోళీ ఎలా ఉంటుందో గొడుగులమ్మకి తెలీదు. డ్రైవరు ఫోటోలు తీసి దాచి చూపిస్తాడు. మంచులో, మఫ్లరు చుట్టుకుని, బస్టాపులో ఎవరితోనో నవ్వుతున్న అమ్మాయి. చుట్టాలమ్మాయి ఎవరో అనిపిస్తుంది. ఆ నవ్వు కూడా ఆవిడ ఎరిగిన నవ్వు కాదు. అందుకని ఈ ఏడు ఎండాకాలం మొదట్లోనే ఉన్ని తెచ్చుకుని, కార్ఖానా నుంచి వచ్చాక రోజూ కొంత కొంత అల్లుతూ స్వెట్టరు పూర్తిచేసింది. పూర్తయ్యేసరికి వానలు వెనకబట్టాయి. వాన లేని రోజున ఉక్క విపరీతంగా ఉంది. కిటికీ బయట గుత్తుల అంచులు ముదురుతున్నాయి. పక్క గదిలో టీచరు దుప్పట్లు మడతపెడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

గోళీ స్వెట్టరు తొడుక్కుని వచ్చి నిలబడింది. గొడుగులమ్మ దాని చుట్టూ తిరిగి చూసింది. భుజాలు సరిపోయాయి. చేతులు రెండంగుళాలు పొడుగు వదిలి లోపలికి మడిచి కుట్టింది. చలికాలం చివరికి విప్పుకో, అప్పటికి పెరుగుతావు అని చెప్పింది. గోళీ సరే అంది. నుదుటి మీంచి చెమట చెంపల దాకా జారుతోంది.

"ఉక్కపోస్తోందమ్మా. తీసెయ్యనా?"

"ఇంకాసేపు ఉంచుకో."

మామూలు రోజైతే గోళీ కయ్యానికి దిగేది. కిటికీ వైపు ఒకసారి చూసింది. చెమట కూడా తుడుచుకోకుండా, అమ్మ చూస్తున్నంతసేపూ అలాగే నిలబడింది.